నొప్పి లేకుండా తెరుచుకున్న దారి

నేను ఉద్యోగం చేసిన గదికి ఒకప్పుడు కిటికీ ఉండేది. స్కానింగ్ సెంటర్ పెట్టినప్పుడు దాన్ని ప్లైవుడ్‌తో మూసేసి, మీద నల్లగుడ్డ బిగించారు. నాచారం మెయిన్ రోడ్డు మీద లారీ వెళ్లినప్పుడల్లా ఆ ప్లైవుడ్ సన్నగా అదిరేది. బయట ఎండ మండిపోతున్నా లోపల ఎప్పుడూ ఒకటే చీకటి, ఒకటే చల్లదనం. కింద మందుల షాపు, పైన మా సెంటర్. రామంతాపూర్‌లోని మా ఇంటి నుంచి హబ్సిగూడ మీదుగా షేర్ ఆటోలో వచ్చి, ఆ మెట్లెక్కి, చెప్పులు విడిచి చీకట్లోకి వెళ్లేదాన్ని. ఉప్పల్ దారిలో మెట్రో స్తంభాలు లేవడానికి చాలా ముందు మొదలుపెట్టాను. తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది మానేశాను.

మొన్న అదే సెంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసి, "మేడం, మొదట ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది. మిషన్ గురించి చెప్పేవాళ్లు ఆమెకు చాలామంది ఉన్నారు. నేను ఆ గదిలో చూసినదాంట్లో ఒక్క సంగతి చెబుతాను. అది ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు.

మొహం

బల్ల మీద పడుకున్న ఆడమనిషి తెర చూస్తుందని మనం అనుకుంటాం. చాలామంది చూడరు. చూసినా ఆ నలుపు తెలుపుల్లో వాళ్లకేం తెలుస్తుంది? వాళ్లు చూసేది మన మొహాన్ని. తెర వెలుగు మన మొహం మీదే పడుతుంది కాబట్టి గదిలో బాగా కనిపించేది అదొక్కటే. కనుబొమ్మ కొంచెం కదిలినా పట్టేస్తారు. గుండె ఆగిపోయిన బిడ్డను చూసినప్పుడు నేను ఊపిరి బిగపట్టానని, ఆ ఊపిరి చప్పుడు ఆగడం వినే తనకు విషయం తెలిసిపోయిందని ఒకావిడ తర్వాత నాతో అంది. అందుకని చీకట్లో ఒకేలా ఊపిరి తీసుకోవడం సాధన చేశాను. నవ్వుగా అనిపించవచ్చు. ఈ వృత్తిలో నేను కష్టపడి నేర్చుకున్న మొదటి విద్య అదే.

మా యజమాని డాక్టరు కాదు. ఎక్స్‌రే ఫిల్ములు అమ్మి పైకొచ్చిన మనిషి. గర్భిణీ స్కాన్ తొందరగా తేల్చేయాలని ఆయన పట్టుదల. "పిల్లకు గుండె కొట్టుకుంటున్నది, కాళ్లు జేతులున్నయి. ఇంకేం గావాలె మేడం? బయట లైను సూడున్రి" అనేవారు. రిపోర్టులు ముందే టైపు చేసి కంప్యూటర్‌లో పెట్టించారు. పేరు, నెలలు మారిస్తే చాలు. అందులో 'గర్భాశయ ముఖద్వారం సాధారణం' అని ఒక వాక్యం ఉండేది. ఎవరూ దాన్ని చూడకుండానే, ఆ వాక్యం అచ్చయి వెళ్లిపోయేది. నేను చూడని రోజున ఆ వాక్యం కొట్టేసేదాన్ని. ఆయనకు కోపం వచ్చేది.

ఆయన గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. ఆడో మగో చెప్పమని వచ్చినవాళ్లను ఆయన మెట్ల మీదే ఆపేసేవారు. ఒకసారి పీర్జాదిగూడ వైపు నుంచి పలుకుబడి ఉన్న మనిషి ఒకాయన కోడలిని వెంటబెట్టుకుని వస్తే, మా యజమాని నా గది తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు, వాళ్లు వెళ్లిపోయేదాకా. మనుషులు ఒకే పక్క నుంచి కనిపించరు.

మూతి

గర్భసంచికి ఒక మూతి ఉంటుంది. బొటనవేలంత పొడవు. తొమ్మిది నెలలూ బిడ్డ బరువును, నీటి బరువును మోస్తూ మూసుకుని ఉంటుంది. అది కండ అనుకుంటారు కానీ చాలా మటుకు తాళ్లలాంటి పోగుల అల్లిక. వేలితో తాకితే ముక్కు కొసలా గట్టిగా ఉంటుంది. కాన్పు దగ్గరపడేసరికి పెదవిలా మెత్తబడుతుంది. నొప్పులు రావడానికి ముందే, ఎవరికీ తెలియకుండా ఆ మెత్తబడడం జరుగుతుంది. దీన్ని మూతి పండడం అంటాం.

ఈ పండడం వేళకు జరిగితే అంతా దాన్ని ప్రకృతి అంటారు. వేళ కాని వేళ జరిగితే ఏం జరుగుతుందో స్వరూప వల్ల నేను చూశాను.

కరెంటు పోయిన మధ్యాహ్నం

స్వరూపది జనగామ దగ్గర పల్లె. భర్త నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఇనుము పోతపోసే షెడ్డులో పనిచేసేవాడు. అత్త ఎల్లమ్మతో కలిసి అక్కడే రెండు గదుల ఇంట్లో ఉండేవారు. మొదటిసారి నా దగ్గరకు వచ్చినప్పుడు స్వరూపకు ఐదు నెలలు నిండాయి. అంతకు ముందు ఒక గర్భం పోయిందని చీటీలో రాసి ఉంది.

పొట్ట మీద నుంచి చూస్తే బిడ్డ బాగానే ఉంది. కానీ కింద, మూతి ఉండవలసిన చోట, నాకు నచ్చని నీడ ఒకటి కనిపించింది. లోపలి నుంచి చూడాలమ్మా అని చెప్పి, ఒప్పించి, చూశాను. మూతి సగానికి సగం కురచబడి ఉంది. నేను చూస్తుండగానే దాని పైభాగం గరాటులా విచ్చుకుంది. మళ్లీ మూసుకుంది. కాసేపాగి మళ్లీ విచ్చుకుంది. తీరిగ్గా, నిద్రలో ఉన్న మనిషి నోరు తెరిచి మూసినట్టు.

"నొప్పేమన్నా వస్తోందా అమ్మా?"

"లేదు మేడం. మంచిగనే ఉన్న."

"బిగిసినట్టు, లాగినట్టు?"

"ఏం లేదు. ఆకలైతున్నది, గంతే."

ఇంకో సంగతి. ఆ గరాటు అడుగున, ఉమ్మనీటిలో, ఏటి వండ్రులాంటిది పేరుకుని ఉంది. స్వరూప దగ్గింది. ఆ వండ్రు పొగలా పైకి లేచి, బిడ్డ తల చుట్టూ తిరిగి, నెమ్మదిగా వచ్చి మళ్లీ ఆ మూతి దగ్గరే కూర్చుంది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. తెర ఆరిపోయింది. ఏసీ చప్పుడు ఆగింది. ఆ గదిలో కరెంటు పోతే కన్ను పొడుచుకున్నా కనిపించదు. కదలవద్దని ఆమెకు చెప్పి, జనరేటర్ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

చీకట్లోంచి ఆమె గొంతు వచ్చింది. "మొదటిది గూడ గిట్లనే మేడం. పొద్దుగాల అరుగు మీద కూసోని బియ్యం ఏరుతున్న. ఏం నొప్పి లేకుండె. బియ్యం అయిపోయినయని లేసి నిలవడ్డ. గంతే. జారిపోయింది."

ఆమే మళ్లీ అంది. "నేను లేవకుంటే ఉండునేమో అనిపిస్తది. మీరేమంటరు?"

"లేవడం వల్ల కాదమ్మా."

"మరెందుకు?"

జనరేటర్ అందుకుంది. మిషన్ మళ్లీ మొదలై బొమ్మ వచ్చేసరికి గరాటు లేదు. మూతి పూర్తిగా విచ్చుకుని, ఉమ్మనీటి సంచి దారిలోకి దిగి ఉంది. ఆ చీకట్లో, ఆమె బియ్యం గురించి చెబుతున్నంతసేపట్లో అది జరిగిపోయింది. ఆమెకు తెలియదు. అడుగు దూరంలో నిలబడ్డ నాకూ తెలియదు.

ఆ రోజు నా ఊపిరి ఒకేలా ఉందో లేదో నేను చెప్పలేను.

కుట్టు

ఆమెను ఉప్పల్ దారిలోని ఒక నర్సింగ్ హోమ్‌కు పంపాను. అక్కడ వసుంధర అనే డాక్టరు పనిచేసేది. నాకంటే చిన్నది, హన్మకొండ అమ్మాయి, నిదానస్తురాలు. నేను ఫోన్లో ఆ వండ్రు సంగతి చెప్పాను. ఆమె వెంటనే, "అయితే లోపల క్రిములు చేరి ఇన్‌ఫ్లమేషన్ మొదలైందేమో. కుట్టేసే ముందు ఒక రోజు మందులిచ్చి చూద్దాం" అంది.

ఆ నర్సింగ్ హోమ్ పెద్ద డాక్టరు గారు ఒప్పుకోలేదు. మూతి వదులైతే దానికి కుట్టు వేయాలి, సంచికి తాడు కట్టినట్టు. ఆయన చేతి మీద అలా నిలిచిన బిడ్డలు చాలామంది ఉన్నారు. జ్వరం లేదు, రక్త పరీక్షలో పట్టుకునేంత తేడా లేదు. "స్కానింగ్‌ల ఏదో మురికి కనవడ్డదని కుట్టాపుతమా?" అన్నారట. ఆ సాయంత్రమే కుట్టు వేశారు.

ఒకటి రెండు రోజులు అంతా బాగుంది. తర్వాత చలి జ్వరం వచ్చింది. కుట్టు కోసేసరికి ఉమ్మనీరు వాసన వేస్తోంది. బిడ్డ దక్కలేదు. విషం రక్తంలోకి ఎక్కి స్వరూప పెద్ద దవాఖానాలో చాలా రోజులుంది. బతికింది.

పెద్ద డాక్టరు గారిని తిట్టుకోవడం తేలిక. ఆయన తెలివితక్కువ మనిషి కాదు, స్వార్థపరుడూ కాదు. చేతిలో సూది ఉన్నప్పుడు ఆగడం ఆయనకు రాదు. అలాంటి పైవాళ్లు మీకు తప్పకుండా తగులుతారు. మీరు చూసింది చూసినట్టు రాయండి, ఫోన్ చేసి చెప్పండి, మళ్లీ ఒకసారి చెప్పండి. అంతకు మించి చీకటి గదిలో కూర్చున్నవాళ్ల చేతిలో ఏమీ ఉండదు. ఆగి ఉంటే ఆ బిడ్డ బతికేదని కూడా నేను ప్రమాణం చేయలేను.

ఎవరు తెరిచారు

కొన్ని నెలల తర్వాత వసుంధర నాచారంలో సొంతంగా చిన్న ఆసుపత్రి పెట్టుకుంది, మా సెంటర్‌కు నాలుగు అడుగుల దూరంలో. ఒకరోజు మధ్యాహ్నం స్వరూపను, ఎల్లమ్మను వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. "ఆ బొమ్మలు ఇంకా ఉన్నయా? ఈమెకు చూపించాలె. ఏమైందో తెలుసుకుంటదట" అంది.

ఉన్నాయి. తెర మీద పెట్టాను.

స్వరూప చాలా చిక్కిపోయి ఉంది. జుట్టు సగం రాలిపోయింది. ఎల్లమ్మ తలుపు దగ్గరే నిలబడి లోపలికి అడుగు పెట్టలేదు. కోడలిని ఎవరో పిలుస్తున్నారని, పిలిచిన ప్రతిసారీ బిడ్డను ఇచ్చేస్తోందని ఆమె నమ్మకం. "గీ రూములనే పిలిసిన్రు, నాకెరుకే" అంది, నల్లగుడ్డ వైపు చూస్తూ.

"మేడం, ఎవరు తెరిసిన్రు దాన్ని?" అని స్వరూప అడిగింది.

వసుంధర ఆమె పక్కన బల్ల మీదే కూర్చుంది. "నీ ఒళ్లే తెరిచింది."

"నా ఒళ్లా? నాకు జెప్పకుండనా?"

"చెప్పదు. ఎవరికీ చెప్పదు." ఆమె నిదానంగా వివరించింది. ఒంట్లో కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. కబురంటే మాట కాదు, కంటికి కనిపించని రసాయనం. లోపలికి సూక్ష్మక్రిములు చేరితే చుట్టూ ఉన్న పొర పసిగట్టి కబురు పంపుతుంది. ఆ కబురు అందుకుని రక్తంలోంచి తెల్లకణాలు వేలకువేలు ఆ మూతి దగ్గరకు వస్తాయి. వచ్చి, దాని పోగులను కోసే రసాలు వదులుతాయి. పోగులు వదులై, మధ్యలో నీరు చేరి, గట్టిగా ఉన్నది మెత్తబడి తెరుచుకుంటుంది. "దెబ్బ తగిలితే వాస్తది చూడు, అదే పని. ఇక్కడ ఆ వాపే దారి తెరుస్తది. బిడ్డ ఉన్న చోటు మంచిగ లేదు, బయటికి పంపాలె అని ఒళ్లు అనుకుంటది."

"బిడ్డను సంపాల్నని గాదు?"

"కాదు. నిన్ను బతికించాలని కావచ్చు."

స్వరూప చాలాసేపు తెర వైపు చూసింది. "అయితే తెరిసిన వాళ్లు నా మనుషులే" అంది.

తలుపు దగ్గర ఎల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట. వసుంధర చెప్పింది చదువుకున్న పుస్తకాల్లో ఉన్నదే. ఆ కబురు రసాయనాలకు ఇంటర్‌ల్యూకిన్లని, ప్రోస్టాగ్లాండిన్లని పేర్లున్నాయి. కానీ మూతి ముందు తెరుచుకుంటే క్రిములు ఎక్కి ఆ వండ్రు వచ్చిందా, వండ్రు వచ్చినందువల్ల మూతి తెరుచుకుందా అన్నది స్వరూప విషయంలో నాకు ఇప్పటికీ తెలియదు. అసలు నెలలు నిండిన కాన్పులో తెల్లకణాలు దారి తెరవడానికే వస్తాయా, తెరుచుకున్నాక బాగుచేయడానికి వస్తాయా అని పరిశోధన చేసే పెద్దవాళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. తెలిసినదాని పక్కన తెలియనిదాన్ని కూడా పెట్టుకుని పనిచేయడం అలవాటు చేసుకోండి.

వాళ్లు

ఏడాది దాటాక స్వరూపకు మళ్లీ నెల తప్పింది. ఈసారి వసుంధర ముందుగానే, లోపలంతా నిమ్మళంగా ఉన్నప్పుడే, మూడో నెల దాటగానే కుట్టు వేసింది. మూత్రంలో చిన్న ఇన్‌ఫెక్షన్ ఉంటే తగ్గించింది. రెండు వారాలకోసారి మూతి కొలవమని నాకు పంపింది.

స్వరూప వచ్చి, పడుకుని, కళ్లు మూసుకుని గొంతు తగ్గించి ఒకటే అడిగేది. "వాళ్లు వచ్చిన్రా మేడం?"

బిడ్డ ఎలా ఉందని అడగదు. గుండె చప్పుడు వినిపించనా అంటే వద్దనేది. వింటున్నామని వాళ్లకు తెలుస్తుందేమో అన్నట్టుండేది ఆమె పడుకున్న తీరు. మొదట్లో నాకు నవ్వొచ్చింది. కొన్నాళ్లకు నేనూ ఆ గదిలో గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టాను. ఎల్లమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఉండేది. కోడలు రాగానే మాట లేకుండా ఆమె చెయ్యి పట్టుకునేది. అత్తకు వాళ్లు ఒకరు, కోడలికి వాళ్లు వేరొకరు. ఇద్దరి భయమూ ఒకటే.

"రాలేదమ్మా. మూతి గట్టిగా మూసి ఉంది" అని చెప్పేదాన్ని. ఆమె ఊపిరి వదిలేది.

ఐదో నెల దాటాక ఒకరోజు తెర మీద కొన్ని నలకలు కనిపించాయి. కుట్టుకు పైన, సరిగ్గా ముందుసారి వండ్రు ఉన్నచోటే. నేను స్కాన్ చేసే ప్రోబ్ కదపకుండా పట్టుకుని చూశాను. నలకలు తేలాయి, దిగాయి.

"వచ్చిన్రు గదా" అంది స్వరూప. ఆమె కళ్లు మూసుకునే ఉన్నాయి. నేనేమీ అనలేదు, కదలలేదు, ఊపిరి మార్చలేదు. ఆమెకెలా తెలిసిందో నాకు తెలియదు.

పేషెంట్లకు అబద్ధం చెప్పకూడదని నేను నియమం పెట్టుకున్నాను. "కొంచెం ఏదో కనిపిస్తోంది. మూతి మాత్రం కురచబడలేదు" అన్నాను.

"ఎంతమంది?"

"లెక్కపెట్టేటట్టు ఉండవమ్మా అవి."

"తక్కువనే ఉన్నరంటరా?"

"తక్కువే."

వసుంధర ఆమెను చేర్చుకుని మందులు పెట్టింది. జ్వరం చూస్తూ, నాడి చూస్తూ కూర్చుంది. ఒకటి రెండు రోజులకోసారి నేనే వాళ్ల ఆసుపత్రికి వెళ్లి చిన్న మిషన్‌తో చూసి వచ్చేదాన్ని. నలకలు అలాగే ఉన్నాయి. ఒకరోజు పోయాయి. మందులకు పోయాయో, వాటంతట అవే పోయాయో, అసలు అవి ప్రమాదమైనవి కావో నేను చెప్పలేను. వసుంధర కూడా చెప్పలేనంది. పోయాయని చెప్పినప్పుడు స్వరూప సంతోషపడలేదు. "ఏ దిక్కు వోయిన్రు?" అని అడిగింది.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. షేర్ ఆటోలో పక్కన ఎవరైనా కడుపుతో ఉన్న మనిషి కూర్చుంటే నా చూపు తెలియకుండానే కిందకు పోయేది. నవ్వుతూ ఫోన్లో మాట్లాడుతున్న ఆ మనిషి లోపల ఇప్పుడు ఏ కబురు నడుస్తోందో, ఎవరు బయలుదేరారో అనిపించేది. ఈ పని అలాంటి చూపునిస్తుంది. వద్దనుకున్నా పోదు.

పిలుపు

తొమ్మిదో నెలలో కుట్టు తీసేశారు. తీసిన కొద్ది రోజుల్లోనే కాన్పవుతుందని వసుంధర, నేను, అందరం అనుకున్నాం. కాలేదు. చెప్పిన తేదీ దాటింది. ఆ తర్వాత కూడా రోజులు గడిచాయి. రెండుసార్లు ఎవరి ప్రమేయమూ లేకుండా తెరుచుకున్న మూతి ఈసారి రాయిలా మూసుకుని ఉంది. పొడవు తగ్గలేదు. వసుంధర వేలితో చూసి, ముక్కు కొసలా ఉందంది. నొప్పుల జాడే లేదు.

చివరిసారి చూసినప్పుడు ఉమ్మనీరు తగ్గిపోయింది. ఇక ఆగడానికి లేదు. మర్నాడు రాష్ట్రం కోసం బంద్. ఉప్పల్ చౌరస్తా నుంచి ఒక్క ఆటో లేదు. నేను రామంతాపూర్ నుంచి నడిచి వచ్చాను. దారంతా షట్టర్లు దించి ఉన్నాయి. రోజూ హోరెత్తే ఇండస్ట్రియల్ ఏరియాలో ఆ రోజు ఒక్క మిషన్ చప్పుడు లేదు. ఆసుపత్రికి చేరేసరికి స్వరూప, ఎల్లమ్మ అప్పటికే నడిచి వచ్చి ఉన్నారు.

వసుంధర జెల్ తీసింది. మూతి దగ్గర పెట్టే మందు. దాన్లో ఉన్నది ఆ ప్రోస్టాగ్లాండినే. ఒళ్లు పంపవలసిన కబురును మన చేత్తో పెట్టడమన్నమాట. స్వరూప ప్రతిదీ అడిగి తెలుసుకునే మనిషి కాబట్టి వసుంధర దాచలేదు. చెప్పింది.

స్వరూప బల్ల దిగిపోయింది.

"వద్దు మేడం. వాళ్లను నేను పిలువ."

"స్వరూపా, విను..."

"రెండుసార్లు పిలువకుండ వచ్చి తీస్కపోయిన్రు. ఇప్పుడు నా నోటితోటి పిలువాల్నా?"

వసుంధర విసుక్కోలేదు. "ఆపరేషన్ చేస్తా, నీకు అదే ఇష్టమైతే. బిడ్డ ఇప్పటికి మంచిగుంది. కానీ ఈ రోజు ఏదో ఒకటి కావాలె" అంది.

స్వరూప నా వైపు తిరిగింది. "మీరు జెప్పున్రి. వాళ్లేనా, వేరేటోళ్లా?"

నేను ఏం చెప్పాలో వెతుక్కున్నాను. వేరే అని చెబితే పని తేలికయ్యేది. "వాళ్లే" అన్నాను. "అప్పుడు వేళకాని వేళ వచ్చారు. బిడ్డ వెళ్లాల్సిన దారి ఎప్పుడైనా వాళ్లే తెరవాలి. ఇప్పుడు రాకపోతే దారి లేదు."

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుని ఉంది, ఎవరో లాక్కుంటారన్నట్టు. బయట రోడ్డు మీద చప్పుడు లేదు.

అప్పుడు ఎల్లమ్మ లోపలికి వచ్చింది. మా గదుల్లోకి ఆమె అడుగు పెట్టడం నేను చూడడం అదే మొదలు. కోడలి మొహం మీద చెమట తుడిచింది. "వచ్చెటోళ్లు ఎట్లయిన వస్తరు బిడ్డా" అంది. "పిలువకుంటే దొంగల లెక్క వస్తరు. పిలిస్తే సుట్టాల లెక్క వస్తరు. పిలువు."

స్వరూప అత్త వైపు చూసింది. ఏడవలేదు. బల్ల ఎక్కి పడుకుంది. జెల్ పెడుతున్నప్పుడు ఆమె పెదవులు కదిలాయి. నిజంగానే పిలిచిందో, దేవుణ్ణి తలుచుకుందో నేను అడగలేదు.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత వసుంధర వేలితో చూసి నన్ను చూడమంది. చిన్న మిషన్‌తో చూశాను. మూతి అంచులు మసకబడ్డాయి. కొద్ది గంటల కింద రాయిలా ఉన్నది నీరు తాగిన గుడ్డలా కనిపించింది. అంతకుముందు నేను భయంతో చూసింది ఇదే. అదే తీరు, అదే కదలిక. తేడా ఒక్క నెలల లెక్కలోనే.

"వచ్చిన్రు" అన్నాను, ఆమె అడగక ముందే.

ఆ మరుసటి రోజు పగలు స్వరూపకు ఆడపిల్ల పుట్టింది. నొప్పులు పడింది, బాగా అరిచింది. ఏడుపు వినగానే వసుంధర గోడకు చేరగిలబడి, చేతికి గ్లౌజులతోనే కాసేపు నిలబడిపోయింది.

ఆ తర్వాత

బాలింత రోజులు గడిచాక స్వరూప మళ్లీ మా సెంటర్‌కు వచ్చింది. వసుంధర పంపలేదు. తనంతట తనే వచ్చింది. పాపను బయట ఎల్లమ్మ ఒడిలో పెట్టి లోపలికి వచ్చి పడుకుంది. "ఉత్తగ ఉన్నప్పుడు ఎట్లుంటదో జూపెట్టున్రి మేడం" అంది.

చూపించాను. గర్భసంచి పిడికిలంత అయిపోయింది. మూతి మూసుకుని ఉంది. నీరు లేదు, నలకల్లేవు. తెర మీద కదిలేది ఏమీ లేదు. ఆమె తల తిప్పి, కళ్లు పెద్దవి చేసి చూసింది.

"గిది నేనేనా?"

"నువ్వే."

"ఏం ఎరుగనట్టు ఉన్నది" అంది. తెర వైపే చూస్తూ, "ఇగ ఎప్పుడన్న నా మాట ఇంటదా మేడం గిది?"

"వినదమ్మా. ఎవరి మాటా వినదు."

తల ఊపింది. లేచి పొట్ట మీది జెల్లీ తుడుచుకుని, చీర సర్దుకుంది. తలుపు దాకా వెళ్లి ఆగింది.

"పాపకు గూడ ఉంటదా?"

"ఉంటుంది. పుట్టినప్పుడే ఉంటుంది. చాలా చిన్నది."

"మూసే ఉంటదా?"

"మూసే ఉంటుంది."

తలుపు తీసుకుని వెలుగులోకి వెళ్లింది. నేను గది గుమ్మంలోంచి చూస్తున్నాను. ఎల్లమ్మ ఒడిలో నిద్రపోతున్న పాపను స్వరూప ఎత్తుకుని భుజాన వేసుకుంది. మళ్లీ ఏమనుకుందో, భుజం మీంచి దించి, ఒక చేతి మీద పడుకోబెట్టుకుంది. పొత్తిగుడ్డ మీద నుంచి ఆ పిల్ల బొడ్డు కింద రెండో అరచెయ్యి ఆనించింది. మెట్లన్నీ దిగి, మందుల షాపు దాటి, రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి తీయలేదు.